వెనక ఎర్రదీపం లేని బండి

ఆ ఆదివారం ఉదయం ఏడున్నరకే గార్డుగారు గోడకు ఒక కాగితం అంటించారు. ఇంటి నుంచి బయలుదేరడం 9.10. బస్సు 9.22. బొమ్మల కొట్టు చేరడం 10.05. మధ్యలో మంచినీళ్ళకు మూడు నిమిషాలు. తిరుగు ప్రయాణం 1.15. ఆయన ముప్పయ్యారేళ్ళు రైల్లో గార్డుగా పనిచేసి రిటైరై నాలుగేళ్ళయింది. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. వీధిలో అందరికీ ఆయన ఇప్పటికీ గార్డుగారే.

ప్రయాణికులు ఇద్దరు, కూతురి పిల్లలు. పదేళ్ళ పిల్ల ప్రతి మాటకూ ఎదురు ప్రశ్న వేస్తుంది కనక ఇంట్లో అందరూ దాన్ని ప్లీడరు అంటారు. ఐదేళ్ళవాడు నిలిచిన చోట నిలవడు కనక వాడు బొంగరం. వాళ్ళమ్మ పళ్ళ డాక్టరు. పంటినొప్పికి సెలవు రోజంటూ లేదు కనక ఆదివారం కూడా ఆవిడ క్లినిక్కు తెరవాలి, పిల్లలు తాతయ్య దగ్గర ఉండాలి. మిగతా ఆరు రోజులూ గార్డుగారు ఆ ఒక్క రోజు కోసమే గడుపుతారు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ చెప్పలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు.

పిల్లల్ని దింపడానికి వచ్చిన కూతురు గుమ్మంలోనే చెయ్యి చాపింది.

"నాన్నా, ఈల ఇలా ఇవ్వు."

"ఏ ఈల?"

"చొక్కా జేబులోది."

ఆయన ఇచ్చారు.

"ప్యాంటు జేబులోది కూడా."

అదీ ఇచ్చారు.

"చూడు నాన్నా, పోయిన నెల పార్కులో బ్రేకు లేదని రంగులరాట్నం ఆపేశావు. అంతకు ముందు సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి జనాన్ని వరసలవారీగా బయటికి పంపావు. టీ దొరకలేదని వాళ్ళు మేనేజరు మీద పడ్డారు. ఇవాళ ఎక్కణ్నించైనా నాకొక్క ఫోనొచ్చిందనుకో, వచ్చే ఆదివారం నుంచి పిల్లలిద్దరికీ ఈత క్లాసు. పేర్లు రాయించడమే తరువాయి."

"ఇవాళ నేను ఉత్త తాతయ్యనేనమ్మా. బండి కనిపించినా తల తిప్పుకుంటా" అన్నారు గార్డుగారు.

అప్పటికి ఆ కొట్టులో బండి ఉంటుందని ఆయనకు తెలియదు.

అమ్మమ్మ చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఇదంతా వింది. ఆవిడ నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో అందరి మాటా వింటూనే ఉంది. టవల్ ఎక్కడ, కళ్ళద్దాలు ఎక్కడ, ఉప్పు ఎందుకు తగ్గింది, ఫోను ఎవరు చేశారు, ఇలా పొద్దున లేస్తే అందరూ ఆవిణ్నే అడుగుతారు. ఇవాళ ఆవిడకు మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. ఇంట్లోనే ఉంటానంటే, మరి పిల్లల నీళ్ళ సీసాలు ఎవరు పట్టుకుంటారని నలుగురూ ఒకేసారి అడిగారు. అందుకని ఆవిడ కూడా బయలుదేరింది.

ఆ కొట్టు పేరు తెలియని పిల్లలు ఆ మహానగరంలో లేరు. ఐదు అంతస్తులు. గుమ్మంలో రెండు నిలువుల ఎలుగుబంటి బొమ్మ. వచ్చిన ప్రతి పిల్లా దాని ముక్కు ముట్టుకోవడంతో ముక్కు మీది రంగు పూర్తిగా పోయింది. లోపల అన్నీ ఒకేసారి మోగుతుంటాయి, కూస్తుంటాయి, దొర్లుతుంటాయి. పనివాళ్ళందరూ జంతువుల వేషాల్లో ఉంటారు. ధర చెప్పేది జిరాఫీ, పొట్లం కట్టేది పెంగ్విను. ప్లీడరు మొదటి అంతస్తులోనే ఒక దుర్భిణి ముందు ఆగి, దాని వెనకాల రాసిన చిన్న అక్షరాలన్నీ చదివి, పెంగ్విన్‌ని ఏడు ప్రశ్నలడిగింది. పెంగ్విన్ నాలుగింటికి జవాబు చెప్పి, మిగతా మూడూ వదిలేసి టీకి వెళ్ళిపోయింది.

బొంగరం ఈలోగా మూడో అంతస్తు నుంచి కేక వేశాడు. "తాతయ్యా! రైలు!"

నిజంగానే రైలు. నడుమెత్తు ఇంజను, రంగుకొకటిగా పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఇద్దరు కూర్చునే బెంచీ. ప్లాట్‌ఫారం మీద నుంచి బయలుదేరి, అట్టలతో కట్టిన పెద్ద కొండలోకి దూరి, లోపల చీకట్లో మంచు దేశమూ అడవీ చుట్టి, ఆరు నిమిషాలకు రెండో వైపు నుంచి బయటికొచ్చి మళ్ళీ అదే ప్లాట్‌ఫారం దగ్గర ఆగుతుంది. ఇంజను మీద కూర్చుని నడిపేది ఒక కుందేలు. మనిషి నడివయసువాడు, భారీ పొట్ట. వేషం మాత్రం కుందేలుది.

గార్డుగారు తల తిప్పుకున్నారు. ఇచ్చిన మాట ప్రకారం పది క్షణాలు అలాగే ఉన్నారు. తర్వాత మెడ పట్టేసినట్టనిపించి ఇటు తిప్పారు.

"ఏమోయ్, నువ్వా గోడ పక్క బెంచీ మీద కూర్చో. కదలకు" అని భార్యకు చెప్పి, పిల్లలిద్దర్నీ మొదటి పెట్టెలో ఎక్కించారు. ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో, తల ఎంత దూరం బయటపెట్టకూడదో చెబుతుండగానే కుందేలు గంట కొట్టింది. బండి కదిలి కొండలోకి పోయింది. గార్డుగారు చకచకా నడిచి, బండి బయటికొచ్చే వైపు నిలబడ్డారు.

ఆరు నిమిషాలకు బండి బయటికొచ్చింది. ఇంజను, పిల్లలు, వెనక పెట్టెలు. ఆయన చేతులూపలేదు, నవ్వలేదు. అలవాటు చొప్పున ఆయన కళ్ళు చివరి పెట్టె వెనక్కి వెళ్ళాయి.

అక్కడ ఎర్రదీపం లేదు.

రైలు సంగతి తెలియనివాళ్ళకు ఇది చిన్న విషయం. బండి చివర దీపం ఉందంటే బండి మొత్తం వచ్చిందని అర్థం. లేదంటే సగం బండి దారిలో తెగిపోయి ఉండొచ్చు. అది తేలేదాకా ఆ పట్టాల మీదికి ఇంకో బండిని పంపకూడదు. ఈ ఒక్క రూలు కోసం గార్డుగారు ముప్పయ్యారేళ్ళలో పెద్ద పెద్ద ఆఫీసర్లు కూర్చున్న బండ్లను కూడా ఆపారు.

ఆయన కుందేలు దగ్గరికి వెళ్ళారు. "డ్రైవరుగారూ, బయలుదేరినప్పుడు ఎన్ని పెట్టెలండీ?"

"ఆరో, ఏడో సార్. జనాన్ని బట్టి తగిలిస్తుంటాం."

"ఇవాళెన్ని తగిలించారు?"

"పొద్దున తగిలించింది నేను కాద్సార్, ఏనుగు."

"ఏనుగేదీ?"

"టిఫినుకెళ్ళింది సార్."

గార్డుగారు వచ్చిన పెట్టెలు లెక్కపెట్టారు. ఆరు. దిగిన పిల్లల్ని చూశారు. ఎవరి పిల్లలు వాళ్ళ తల్లిదండ్రుల దగ్గరికి చేరారు. పిల్ల తప్పిపోయిందని ఏడ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. ప్లీడరు, బొంగరం తన పక్కనే ఉన్నారు. అసలు బయలుదేరేటప్పుడు వెనక దీపం ఉందా అంటే ఆయన చూడలేదు. పిల్లల్ని కూర్చోబెట్టే సందడిలో బండి చివర చూసుకోకుండా బండిని పంపారు. ఉద్యోగంలో ఏనాడూ చేయని పని అది. ఆ ముల్లు లోపల గుచ్చుతుంటే ఆయన గొంతు కాస్త పెద్దదైంది.

"లోపలికెళ్ళి చూసి రండి."

"ఈ వేషంతో వంగలేను సార్. తల తీస్తేనే లోపల పడతాను."

"తల తీయండి."

"పిల్లల ముందు తల తియ్యకూడదని రూలు సార్."

రూలు అన్న మాటకు గార్డుగారు ఒప్పుకున్నారు. ఎవరి రూలు వాళ్ళది. పోనీ తనే లోపలికి పోదామంటే, గార్డు బండి ముందు నుంచి కదిలితే డ్రైవరు బండి తీసేస్తాడు. అది ఆయన రూలు. కుందేలు ఈలోపు గొంతు సవరించుకుని, తర్వాతి ట్రిప్పుకు గంట కొట్టబోయింది. గార్డుగారు పట్టాల మధ్య నిలబడి రెండు చేతులూ పైకెత్తారు.

"బండి కదలడానికి వీల్లేదు! లైను క్లియరు లేదు!"

ఈల లేకపోయినా ఆ గొంతు మూడో అంతస్తంతా మోగింది.

వరసలో నలభై మంది పిల్లలు, వాళ్ళ పెద్దలు నిలబడి ఉన్నారు. ముందున్నాయన వెనకున్నావిడతో "లోపల ఏదో ఉండిపోయిందట" అన్నాడు. ఆవిడ తన వెనకాయనతో "లోపల ఎవరో ఉండిపోయారట" అంది. వరస చివరికొచ్చేసరికి ఎవరో ఇద్దరు పిల్లలయ్యారు. మెట్ల మీద నుంచి రెండో అంతస్తుకు దిగేసరికి కొండ కూలింది. కింద ఎలుగుబంటి దాకా వెళ్ళేసరికి ఆ కూలిన కొండ నిజం కొండే అయింది. అందులో నలుగురు కుందేళ్ళు కూడా చిక్కుకున్నారు.

మేనేజరమ్మ చేతిలో వాకీటాకీతో పరుగున వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, పని తెలిసిన మనిషి. గొడవ వద్దు, జాగ్రత్త ముఖ్యం అనుకుని మైకులో ఒక్క మాట చెప్పించింది. "తల్లిదండ్రులు దయచేసి మీ పిల్లల్ని ఒకసారి లెక్క చూసుకోండి."

ఆ ఒక్క మాటతో చిలికి చిలికి గాలివానైంది. ఐదంతస్తుల్లో ఐదారు వందల మంది ఒకేసారి పిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లెక్కపెట్టేవాళ్ళు నిలబడరు, లెక్కలో ఉన్నవాళ్ళు అసలే నిలబడరు. అన్నగారి పిల్లల్ని తమ్ముడు లెక్కేశాడు, తమ్ముడి పిల్లల్ని వదినగారు లెక్కేసింది. ఒకాయనకు ఇద్దరు రావలసింది ముగ్గురొచ్చారు. ఆయన భయపడి మళ్ళీ లెక్కపెడితే ఒక్కరే వచ్చారు. ఒకావిడ చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నడుము మీద పిల్లాడితోనే అంతస్తులన్నీ తిరిగి, చివరికి వాడే "అమ్మా, ఎవరికోసం?" అని అడిగాక ఆగింది. ఎవరో తట్టుకోలేక మంటల అలారం నొక్కారు.

ఆ తర్వాత జరగవలసినవి వాటంతటవే జరిగాయి. జనమంతా వీధిలోకొచ్చారు. చేతుల్లో ఉన్న బొమ్మలు చేతుల్లోనే వచ్చాయి. జిరాఫీ, పెంగ్విను రోడ్డుకడ్డంగా నిలబడి కార్లు ఆపాయి. ఫైరింజను వచ్చింది. ఫైరువాళ్ళు ఐదంతస్తులూ చూసి పొగ లేదన్నారు. కొండ సంగతి అడిగితే, కుందేలు గుహ ముందు నిలబడి టార్చి వేసి "ఎవరూ లేరు" అని చెప్పింది. టార్చి వెలుగు మొదటి మలుపు దాకానే వెళ్తుందన్న సంగతి ఎవరూ అడగలేదు కనక చెప్పలేదు.

గార్డుగారిని, పిల్లలిద్దర్నీ మేనేజరమ్మ గదిలో కూర్చోబెట్టారు. ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడింది. అదే ఎక్కువ భయంగా ఉంది.

"ఎందుకాపారు సార్ బండిని?"

"వెనక దీపం లేదమ్మా."

"అది బొమ్మ రైలు సార్."

"పట్టాలున్నాయి, పెట్టెలున్నాయి, మనుషులున్నారు కదమ్మా" అన్నారు గార్డుగారు. ఆ మాట అంత గట్టిగా రాలేదు.

"రూలు లేకపోతే బండి ఎలా నడుపుతారండీ మీరు?" అని ప్లీడరు తాతయ్య తరఫున వాదన మొదలుపెట్టింది. "ఎన్ని పెట్టెలున్నాయో మీకే తెలీదు కదా? ఏనుగు టిఫినుకెళ్తే బాధ్యత ఎవరిది?"

మేనేజరమ్మ దానికి చాక్లెట్ ఇచ్చింది. ప్లీడరు చాక్లెట్ తీసుకుని ప్రశ్న అలాగే ఉంచింది. బొంగరం తిరిగే కుర్చీ ఎక్కి గిర్రున తిరుగుతున్నాడు. మేనేజరమ్మ ఇంట్లోవాళ్ళ నంబరు అడిగింది. గార్డుగారికి ఆ నంబరు కంఠతా వచ్చు. కానీ మొదటిసారి రెండంకెలు తప్పు చెప్పారు. రెండోసారి బొంగరం సరిగ్గా చెప్పేశాడు.

కూతురు ఇరవై నిమిషాల్లో వచ్చింది. చేతికి గ్లవుజు ఒకటి ఇంకా అలాగే ఉంది. కుర్చీలో నోరు తెరిచిన పేషెంటుని అలాగే వదిలి వచ్చినట్టుంది. మేనేజరమ్మ చెప్పిందంతా నిలబడే వింది. ఫైరింజను అన్న చోట కళ్ళు మూసుకుంది.

"నాన్నా."

"ఆఁ."

"వచ్చే ఆదివారం నుంచి ఈత క్లాసు."

 బొంగరం కుర్చీ తిరగడం ఆపి తాతయ్య ఒళ్ళోకొచ్చి కూర్చున్నాడు. ఆయన వాడి తల నిమురుతూ మేనేజరమ్మతో అన్నారు. "తప్పు నాదేనమ్మా. బొమ్మ బండిని బొమ్మ బండిగా చూడాల్సింది. ఎక్కడ రాసిమ్మంటే అక్కడ రాసిస్తా." ముప్పయ్యారేళ్ళలో తప్పు నాది అని ఆయన ఎవరికీ రాసివ్వలేదు. కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. రాత గుండ్రంగా, వరసగా ఉంది. ఈతకు ఏ రోజైనా వెళ్ళొచ్చు గదా, ఆదివారమే ఎందుకని ఆయనకు అడగాలనుంది. అడగడానికి మొహం చెల్లలేదు.

కూతురు పిల్లల నీళ్ళ సీసాల కోసం చుట్టూ చూసింది. "అమ్మ ఏదీ?"

గార్డుగారి కలం ఆగింది.

"అమ్మమ్మ బెంచీ మీదుంది" అన్నాడు బొంగరం.

బెంచీ ఖాళీగా ఉంది. దాని పక్కన నీళ్ళ సీసాలు రెండూ నిలబెట్టి ఉన్నాయి. వీధిలో వెతికారు, జనంలో వెతికారు, ఎలుగుబంటి కాళ్ళ మధ్య వెతికారు. ఐదారు వందల మంది గంటసేపు పిల్లల్ని లెక్కపెట్టారు గానీ అమ్మమ్మను లెక్కపెట్టాలని ఒక్కరికీ తోచలేదు. ఆమాటకొస్తే గార్డుగారికీ తోచలేదు.

ఆయన చేతిలోని కాగితం కింద పడేసి, ఎవరి మాటా వినకుండా మూడో అంతస్తుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ అట్టల గుహలోకి దూరారు. అరవై నాలుగేళ్ళ మనిషి పట్టాల మీద చేతులూ కాళ్ళతో పాకుతున్నారు. వెనక టార్చితో ఫైరు మనిషి, ఆ వెనక కూతురు, ఆ వెనక మేనేజరమ్మ. మొదటి మలుపు దాటారు. రెండో మలుపు దగ్గర మంచు దేశం. దూది మంచు, తల ఆడించే తెల్ల ఎలుగు. దాని పక్కన పట్టాల మీద ఒంటరిగా ఆగిన ఏడో పెట్టె. దాని వెనక ఎర్రదీపం చక్కగా వెలుగుతోంది.

పెట్టెలో అమ్మమ్మ. చెప్పులు విప్పి, ఎదుటి కడ్డీ మీద కాళ్ళు చాపుకుని, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుని ఉంది.

"అప్పుడే వచ్చేశారా?" అంది.

గార్డుగారు పెట్టె అంచు పట్టుకుని అలాగే పట్టాల మీద కూలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీకటి కదా అని తుడుచుకోలేదు గానీ, ఫైరు మనిషి టార్చి సరిగ్గా ఆయన మొహం మీదే వేశాడు.

"ఎలా వచ్చావమ్మా ఇందులోకి?" కూతురు అరిచినంత పని చేసింది.

"ఆ బెంచీ ఉత్త చెక్కే తల్లీ, మోకాళ్ళు పట్టేశాయి. ఇందులో దిండుంది కదాని కాసేపు కూర్చున్నా. ఇది కదిలింది. మీ నాన్న ముందు పెట్టె దగ్గర హడావిడిగా ఉన్నారు. సరే, ఒక చుట్టు తిరిగొద్దామనుకున్నా. ఇక్కడికొచ్చాక టక్కుమని ఆగింది, మిగతా బండి వెళ్ళిపోయింది."

"మరి కేకెయ్యొచ్చు కదా! భయమెయ్యలేదా?"

"వెనకాల ఇంకో బండొచ్చి గుద్దేస్తుందేమోనని ఒక్క నిమిషం వేసింది. ఇంతలో బయట మీ నాన్న గొంతు వినబడింది, లైను క్లియరు లేదని. ఇంక భయం దేనికి? ఆయన ఆపాక బండి కదుల్తుందా? నలభై ఏళ్ళుగా వింటున్నా ఆ రూలు."

ఫైరు మనిషి పట్టాలు చూశాడు, మలుపు చూశాడు, పెట్టె చూశాడు. మేనేజరమ్మ వైపు తిరిగి, ఆ తర్వాతి ట్రిప్పు గనక బయలుదేరి ఉంటే నిండు బండి ఈ చీకటి మలుపులో నేరుగా ఈ పెట్టెనే గుద్దేదని చెప్పాడు. మేనేజరమ్మ గార్డుగారికి నమస్కారం పెట్టింది. గుహలో వంగి పెట్టడం వల్ల అది పాదాలకు పెట్టినట్టు కనిపించింది.

బయట జనం చప్పట్లు కొట్టారు. కొండ కింద నుంచి ఒక ముసలావిణ్ని బతికించారన్న వార్త అప్పటికే వీధి చివరికి పాకింది. టిఫిను నుంచి వచ్చిన ఏనుగు, పొద్దున తను ఏడు పెట్టెలు తగిలించిన మాట నిజమేనని, చివరిదాని కొక్కెం కాస్త వదులుగా ఉందని, సాయంత్రం చూద్దామనుకున్నానని ఒప్పుకుంది. మేనేజరమ్మ ప్లీడరుకు దుర్భిణి కానుకగా ఇచ్చింది. ప్లీడరు దాని హామీ ఎన్నేళ్ళని అడిగింది.

కూతురు వాళ్ళతో బస్సు స్టాపు దాకా నడిచింది. అక్కడ చేతి గ్లవుజు విప్పి సంచిలో వేసుకుంటూ అంది. "ఈత శనివారం కూడా నేర్పుతారట నాన్నా."

గార్డుగారు తలూపారు. టైము చూసుకున్నారు. బస్సు నాలుగు నిమిషాలు లేటు.

"అంతసేపు ఒక్కదానివీ ఆ చీకట్లో ఏం చేశావోయ్?" అని దారిలో భార్యను మెల్లిగా అడిగారు.

"ఏమీ చెయ్యలేదండీ" అంది ఆవిడ. "గంటన్నర. ఒక్కరూ నన్నేమీ అడగలేదు."

మరుసటి ఆదివారం పిల్లలిద్దరూ తాతయ్యతో అదే కొట్టుకు వెళ్ళారు. ఈసారి బెంచీ దాకా కూడా పోకుండా అమ్మమ్మ సొంతంగా టికెట్టు కొనుక్కుని చివరి పెట్టెలో కూర్చుంది. ఆ కొక్కెం మరీ అంత గట్టిగా బిగించనక్కర్లేదని ఏనుగుకు చెప్పింది.